దారిలేని ఇసుకదిబ్బ మీద సముద్రపు చెత్త: ఏరేముందు దాటించే లెక్క చూసుకోండి

ప్రశ్న సారాంశం ఇది. ఇచ్ఛాపురానికి తూర్పున, బాహుదా మొగకు (నది సముద్రంలో కలిసే చోటుకు) దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల ఇసుకదిబ్బ. ఒక పక్క సముద్రం, మరో పక్క ఉప్పుటేరు. బండి వెళ్లే దారి లేదు. సెలవు రోజున నలభై మంది కుర్రాళ్లు వస్తారు. ఏట్లో తిరిగే నాటు పడవలు రెండున్నాయి, పంచాయతీ ఒక ట్రాక్టరు ఇస్తానంది. పోయినేడు ఏరి కుప్పలు పెట్టిన చెత్తను మోసుకురాలేక వదిలేస్తే తర్వాతి పెద్ద పోటుకు మళ్లీ సముద్రం పాలైంది. ఈసారి ఎప్పుడు, ఎలా చేయాలి, ఇసుకలో కూరుకుపోయిన పెద్ద వలలను ఏం చేయాలి, తెచ్చిన చెత్త ఎక్కడికి పోవాలి అని అడిగారు.

పోయినేడు పని చెడింది ఏరేవాళ్లు చాలక కాదు, మోత లెక్క వేయక. బరువుతో నడిచే మనిషి ఎండిన ఇసుకలో గంటకు రెండు కిలోమీటర్లు, తడి ఇసుకలో మూడు దాటడు. మోయాల్సిన దూరం సగటున రెండు కిలోమీటర్లనుకోండి. కావడికి ఇరవై కిలోలు కట్టి తీసుకెళ్లి, దింపి, తిరిగి వచ్చేసరికి గంటన్నర. ఉదయం పూట రెండు తిరుగుళ్లు, మహా అయితే మూడు. అంటే మనిషికి 40 నుంచి 60 కిలోలు. చెత్త దట్టంగా పేరుకున్న తీరంలో ఏరేవాడు గంటకు 15 కిలోల లెక్కన మూడు గంటల్లో 45 కిలోలు ఏరేస్తాడు. కాబట్టి ఏరే ప్రతి మనిషికీ మోసే మనిషి ఒకడు ఉండాలి. నలభై మందీ ఏరడానికే దిగితే 1,800 కిలోలు కుప్పపడుతుంది. దాన్ని మోయడానికి అప్పటికే అలసిన అదే నలభై మంది ఎండలో మళ్లీ అంత సేపు తిరగాలి. ఎవరూ తిరగరు.

మీ తీరానికి ఉన్న అనుకూలం ఉప్పుటేరు. చెత్తను తీరం పొడవునా మోయకండి, దిబ్బకు అడ్డంగా మోసి ఏటి గట్టున దింపండి. దిబ్బ వెడల్పు 250 మీటర్ల దరిదాపులో ఉంటే వెళ్లి, దింపి, తిరిగి రావడానికి పావుగంట. రెండు గంటల్లో ఒక మనిషి ఎనిమిది తిరుగుళ్లు వేసి 160 కిలోలు దాటించగలడు. ముప్పై మంది ఏరినది, అంటే సుమారు 1,350 కిలోలు, పది మంది కావడివాళ్లు దాటించేస్తారు. అక్కడి నుంచి పడవలే మోస్తాయి. సముద్రం వైపు తెప్పలో ఎక్కిద్దామన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు. బస్తాలతో నిండిన ఫైబర్ తెప్ప అల విరిగే చోట కొంచెం అడ్డం తిరిగినా బోల్తా పడుతుంది, తాడు కట్టని బస్తాలు ఒకేసారి ఒక పక్కకు జారతాయి. వేరే దారే లేనప్పుడు, అలల్లో పుట్టిపెరిగిన తెప్పవాళ్లే చేయాల్సిన పని అది.

అడ్డదారులు ముందే ఎంచాలి. అర కిలోమీటరుకు ఒకటి చొప్పున నాలుగు కిలోమీటర్లకు ఎనిమిది చాలు. తుపాను కెరటాలు ఇదివరకే దిబ్బను దాటి ఏట్లోకి పోయిన పల్లపు చోట్లు చూసుకోండి. అక్కడ ఎత్తు తక్కువ, మొక్కలూ ఉండవు. రెండు వైపులా వెదురు పాతి ఎర్రగుడ్డ కట్టండి, అందరూ ఆ దారినే నడవాలి. దిబ్బ మీద పాకే బాలబంది తీగ, రావణాసురుడి మీసాల గడ్డి, మొగలి పొదలు ఇసుకను పట్టి ఉంచుతాయి. వాటి మీద వందల అడుగులు పడితే వచ్చే తుపానుకు దిబ్బ సరిగ్గా అక్కడే తెగుతుంది. ట్రాక్టరు రావడానికి దిబ్బను కోసి దారి చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు తీర ప్రాంత నియంత్రణకు కేంద్రం ఇచ్చిన 2019 సీఆర్‌జడ్ నోటిఫికేషన్‌లో అన్నిటికన్నా కఠినమైన ఒకటి-ఏ వర్గం కిందికి వస్తాయి. చట్టం మాట అలా ఉంచినా, ఊరికీ కెరటానికీ మధ్య ఉన్న గోడ ఆ దిబ్బే.

ఇక కాలం. అంతర్జాతీయ తీర శుభ్రత దినమని సెప్టెంబరు మూడో శనివారం చేస్తారు. మన తీరానికి ఆ తేదీ నప్పదు. అప్పటికి బాహుదా, మహేంద్రతనయ, వంశధార ఇంకా వరద నీరు దించుతూనే ఉంటాయి, కెరటం పెద్దగా ఉంటుంది, అసలు తుపానుల నెల ముందుంటుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. సెప్టెంబరులో శుభ్రం చేసిన తీరం అక్టోబరు చివరికి మళ్లీ మొదటికి వస్తుంది. ఫొటోల కోసమైతే ఆ రోజు ఊరి ముందు చేయండి. దారిలేని దిబ్బను నవంబరు మూడో వారం నుంచి డిసెంబరు చివరిలోపు పెట్టుకోండి. నవంబరులోనూ తుపానులు వస్తాయి కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరిక చూసుకునే తేదీ ఖాయం చేయాలి.

డిసెంబరుతో ఆపమనడానికి కారణం ఆలివ్ రిడ్లే తాబేళ్లు. మీకు ఉత్తరాన గంజాం జిల్లా రుషికుల్య మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవి సామూహికంగా గుడ్లు పెడతాయి. మీ తీరంలో గుంపుగా కాకపోయినా జనవరి నుంచి అక్కడక్కడ ఎక్కుతాయి. గుడ్ల నుంచి పిల్లలు రావడానికి 45 నుంచి 55 రోజులు పడుతుంది గనుక మే వరకూ ఇసుక కింద గూళ్లు ఉన్నట్టే లెక్క. ఆ ఐదు నెలలూ తవ్వడం, గునపం దించడం, జల్లెడ పట్టడం, ఏ బండి చక్రమైనా దిబ్బ మీదికి రావడం ఆపేయాలి. పగటిపూట తడి ఇసుక మీద నడుస్తూ పైకి కనిపించేది చేత్తో ఏరొచ్చు, అంతే. రాత్రి దీపాలు వద్దు.

తేదీ ఎంచేటప్పుడు తిథి కంటే పోటుపాట్ల పట్టిక ముఖ్యం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పోటుపాట్ల వేళలు, కెరటాల ఎత్తు అంచనాలు ఇస్తుంది. ఉదయం ఏడు ప్రాంతంలో పాటు (సముద్రపు నీరు వెనక్కి తగ్గడం) ఉండే రోజు మీకు అనుకూలం. పాటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి ఆ వారం తప్పితే ఇంకో పక్షం ఆగాలి. ఉదయం ఆరుకు దిగి తొమ్మిది దాకా ఏరండి. గట్టి తడి ఇసుక అప్పుడే దొరుకుతుంది, సముద్రపు గాలి కూడా ఇంకా లేవదు. కావడివాళ్లు ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు ముగించాలి. ఏట్లో నీరు నిండేది మధ్యాహ్నం. పాటు వేళ పడవను ఏటి గట్టుకు తెస్తే బురదలో కూర్చుంటుంది. ఇక్కడ చాలామంది తప్పే లెక్క ఒకటుంది. మొగ ఇరుకుగా ఉంటే ఏట్లో పోటు సముద్రపు పోటు కంటే గంటా గంటన్నర వెనకబడుతుంది. మొగ ఇసుకతో పూడిపోతే ఏట్లో పోటుపాట్లే ఉండవు. పట్టికను నమ్మి పడవ తేవొద్దు, రోజూ ఏట్లో వల వేసేవాళ్లను అడిగి వేళ పెట్టండి. మధ్యాహ్నం పడవ పనికి ఆరుగురు చాలు, మిగతావాళ్లను ఇళ్లకు పంపేయొచ్చు.

పడవలో బరువు కంటే ముందు జాగా నిండుతుంది. పడవకు ముప్పై బస్తాలు దాటించొద్దు. అంచుకూ నీటికీ మధ్య జానెడున్నర ఎప్పుడూ మిగలాలి, బస్తాలు మోకాలెత్తు దాటకుండా పేర్చి మీద అడ్డంగా తాడు కట్టాలి. పాటు లాగే వేళ మొగ దగ్గరికి బరువు పడవ పోనివ్వకండి, అక్కడి లాగుడుకు గడ ఆగదు.

చెత్త తీరం మీద మూడు వరుసల్లో ఉంటుంది. మొదటిది నిన్నటి పోటు వదిలిన తడి గీత. సీసాలు, చెప్పులు, కవర్లు కంటికి కనిపించేవన్నీ అక్కడే ఉంటాయి, తేలిక కూడా. రెండోది పైమెట్ట మీద తుపాను కెరటం వదిలిన గీత. మూడోది దిబ్బ వెనక మొగలి పొదల్లో, సరుగుడు తోట అంచున గాలి నెట్టిన చెత్త. మొదటి వరుసతోనే చాలా బృందాలు ఆగిపోతాయి. కానీ దాన్ని వచ్చే పోటు మళ్లీ నింపుతుంది. మూడో వరుసలోది ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కి పొడి అవుతుంటుంది, అక్కడి నుంచి దానంతటది పోదు. ముప్పై మందిలో పదిహేను మందిని మూడో వరుసకే పంపండి. కర్రతో పొదను తట్టి, కాసేపు ఆగి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. పాములు, తేళ్లు ఉండే చోటది. మొక్క వేళ్లకు చుట్టుకున్న తాడును లాగకండి, రెండు పక్కలా కోసి వదిలేయండి. కొట్టుకొచ్చిన దుంగలు, సముద్రపు నాచు, గవ్వలు చెత్త కాదు. వాటిని బస్తాకెత్తితే మోత పెరుగుతుంది, తీరానికీ నష్టం.

బస్తాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని పని ఆగిపోయేది అక్కడే. నల్ల కవర్లు పనికిరావు, మొదటి గవ్వకే చిరుగుతాయి. ఆరుబయట పడి ఉన్న పాత యూరియా సంచులూ వద్దు. ఎండ తిన్న సంచి చేతిలోనే పీచులు పీచులుగా రాలి కొత్త చెత్త అవుతుంది. 50 కిలోల కొత్త సంచులో గోనెలో 200 తెప్పించుకోండి. మూతి కట్టడానికి కొబ్బరి తాడు వాడండి, ఉద్దానంలో దానికి కొరత లేదు. చెప్పులు, తాళ్లు, వల ముక్కలతో సంచి నిండితే 10 నుంచి 12 కిలోలు తూగుతుంది. సీసాలైతే నాలుగైదు కిలోలకే నిండుతుంది, అవి కావడికి నాలుగు కట్టొచ్చు. ప్రతి సీసా మూత తీసి నీళ్లు ఒంపాలి, నలిపి మూత బిగించాలి. చెప్పులో ఇసుక దులపాలి. వల ముక్కను ఇద్దరు పట్టి దులపాలి. ఈ పని ఏరిన చోటే జరగాలి. లేకపోతే మీరు మోసేదాంట్లో చాలాభాగం ఇసుకా, ఉప్పునీరే. ఏముందో తెలియని ద్రవం ఉన్న సీసా మూత మాత్రం తీయొద్దు, పక్కన పెట్టండి.

మిగతా సామాను: రబ్బరు పూత గ్లోవ్స్ 60 జతలు, పళ్లున్న కొడవళ్లు పన్నెండు, పారలు ఆరు, నలుసు ఏరే పటకారలు పది, వైరు కత్తిరించే కట్టరు ఒకటి, 50 కిలోల స్ప్రింగు కాటాలు రెండు, పెద్ద టార్పాలిన్లు రెండు. చాకులు తేవద్దు. నున్నటి అంచు ఇసుక తగిలిన నాలుగు కోతలకే మొద్దుబారుతుంది, పళ్ల కొడవలి అలా కాదు. కాళ్లకు చెప్పులు కాకుండా మడమ మూసిన బూట్లు వేసుకోమనండి.

వలల దగ్గర కొంచెం ఆగాలి. ముందు ఒక మాట. తీరాన కనిపించే ప్రతి వలా పారేసిన వల కాదు. ఆరబెట్టినవి, బాగుచేయడానికి దాచినవి ఉంటాయి. ఊళ్లో పెద్దలకు చూపించి, ఇది ఎవరిదీ కాదనిపించుకున్నాకే కొడవలి పెట్టండి. అలా చేయకపోతే మొదటి రోజే ఊరు మీకు ఎదురవుతుంది.

నైలాన్ నీటికన్నా బరువు, పాలిథిన్, పాలీప్రొపిలిన్ తేలిక. తేలేవి కెరటం మీద వచ్చి ఇసుక పైన ఆగుతాయి. నైలాన్ వల అడుగున దొర్లుతూ, కళ్లనిండా ఇసుక పట్టి, తీరంలో కూరుకుంటుంది. పైకి రంగు తాడు ఒక బారెడే కనబడినా కింద ఎంత ఉందో తెలియదు. అందుకే ముందు కొలవాలి. 12 ఎం.ఎం. ఇనుప కమ్మి నాలుగడుగులది తీసుకుని, కనిపించే కొస చుట్టూ అర మీటరుకొకసారి గుచ్చండి. ఇసుకలో కమ్మి జారుతూ దిగుతుంది, వల తగిలితే మెత్తగా ఎదురుతన్నుతుంది. అంచు తెలిసిన చోటల్లా పుల్ల పాతితే కాసేపట్లో వల ఆకారం పైకి తెలిసిపోతుంది.

ట్రాక్టరుకు కట్టి లాగడం అందరికీ తోచే మొదటి ఉపాయం, అన్నిటికన్నా చెడ్డది కూడా. తడి ఇసుక ఘనపు మీటరు సుమారు రెండు టన్నులు. ఘనపు మీటరంత వల ఉండలో సగం ఇసుకే అయినా టన్ను బరువు, పైగా చుట్టూ ఉన్న ఇసుక పట్టు వేరు. లాగితే వల పైభాగం చిరిగి వస్తుంది, అడుగుభాగం ఇంకా లోతుగా బిగుసుకుంటుంది. నైలాన్ తాడు సాగి సాగి తెగితే వెనక్కి కొట్టే దెబ్బకు కాళ్లు విరుగుతాయి.

చేయాల్సిన పద్ధతి తవ్వి, కోసి, దులపడం. వల ఉన్న చోటు నుంచి నీరు వెనక్కి తగ్గగానే పని పట్టండి, మీ చేతిలో మూడు గంటలుంటాయి. సముద్రం వైపున చిన్న కాలువ తీయండి, ఊట నీరు అటు పోతుంది. పైనున్న ఇసుక తీసి, వలను మీటరు వెడల్పు పట్టీలుగా కోయండి. ప్రతి పట్టీని ఇద్దరు ఎత్తి దులిపి, చాపలా చుట్టి, తాడు కట్టి పక్కన పెట్టాలి. గుంట మోకాలు దాటి లోతుకు పోయిందంటే ఆపేయండి. తడి ఇసుక గోడ చెప్పకుండా కూలుతుంది, నడుము లోతు గుంటలో వంగి పనిచేసే మనిషి మీద పడితే బయటికి లాగడం కష్టం. మిగిలింది అందినంత కిందికి కోసి, పైన ఇసుక కప్పి, ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి కెరటాలు తీరాన్ని కోస్తాయి, ఆ వల దానంతటదే మళ్లీ పైకి తేలుతుంది. అప్పుడు సగం శ్రమతో వస్తుంది. ఒక్కరోజులో మొత్తం తీసేయాలన్న పంతం ఈ పనిలో పనికిరాదు.

కోయడానికి వీలుకాని ఓడ తాళ్ల ఉండలుంటే టన్నున్నర లాగే చేతి వించి అద్దెకు తెచ్చుకోండి. దాన్ని కట్టడానికి దిబ్బ మీద చెట్టు దొరకదు, దొరికినా కట్టొద్దు. ఐదడుగుల సరుగుడు దుంగను మీటరు లోతు గాడిలో లాగే దిశకు అడ్డంగా పెట్టి, నడుముకు వైరు చుట్టి, మీద ఇసుక తొక్కి పూడిస్తే అదే లంగరు. వైరు మీద తడి గోనె ఒకటి వేసి ఉంచండి, తెగినా ఎగరకుండా ఉంటుంది. వైరుకు ఇరుపక్కలా దాని పొడవంత దూరంలో పనిచేసేవాడు తప్ప ఎవరూ ఉండకూడదు. మీ ఊళ్లో అలివి వల (ఒడ్డు నుంచి అందరూ కలిసి లాగే పెద్ద వల) లాగే పెద్దవాళ్లుంటే ఆ పనికి వాళ్ల మాటే వినండి, ఒకే ఊపులో బరువు పంచుకోవడం వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

థర్మోకోల్ పెద్ద ముక్కలను తెల్లవారుతుండగానే, గాలి లేవకముందే ఎత్తేయాలి. పది దాటాక చేతిలోనే విరిగి గింజలై ఏటి మీద పడతాయి. బస్తాలో కుక్కకండి, టార్పాలిన్‌లో మూటకట్టండి. ఇసుకలో కలిసిన చిన్న ప్లాస్టిక్ గింజల కోసం జల్లెడ పట్టాలా అని కూడా అడిగారు. నా సలహా, మామూలు రోజుల్లో వద్దు. ఆ మనుషులతోనే మూడో వరుస చెత్త ఎత్తిస్తే రేపటి గింజలు తగ్గుతాయి. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ మునిగినప్పుడు, 2025 మే నెలలో కేరళ దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా-3 మునిగినప్పుడు ఒడ్డుకొచ్చినట్టు ముడి ప్లాస్టిక్ గుళికలు ఒక్కసారిగా వచ్చిపడితే సంగతి వేరు. అప్పుడు పై రెండు సెంటీమీటర్ల ఎండిన ఇసుక మాత్రం గీరి, ఐదు ఎం.ఎం. జల్లెడ, తర్వాత దోమతెర పట్టి, మిగిలినదాన్ని బకెట్ సముద్రపు నీటిలో కలిపితే గుళికలు తేలతాయి. టీ వడపోతతో తీసేయొచ్చు. తడి ఇసుక జల్లెడకు అంటుకుని పని సాగదు.

ముట్టకూడనివి కొన్ని ఉంటాయి. పేరులేని డ్రమ్ములు, సిలిండర్లు, ఓడల సంకేత మంటల గొట్టాలు, తూటా ఆకారంలో ఏది కనబడినా వంద మీటర్ల దూరం జరిగి 112కు గాని బారువ మెరైన్ పోలీసులకు గాని చెప్పండి. కోస్ట్ గార్డు నంబరు 1554. సిరంజీలను పటకారతో ఎత్తి, గుచ్చినా చిల్లు పడని మూత డబ్బాలో వేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇవ్వాలి, తీసుకుంటారో లేదో ముందు రోజే అడగండి. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టపెట్టెలో. తారు ముద్దలు ఒంటికి అంటితే కిరోసిన్ రుద్దకండి, కొబ్బరి నూనెతో పోతుంది. వలలో చిక్కిన సముద్రపు పాము చచ్చినట్టు కనబడినా చేత్తో తీయొద్దు.

ఎండ గురించి మీ ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు తెలుసు. ఒంట్లో నీరు తగ్గి, పైన ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర వేసుకోవడం మూత్రపిండాలకు రెండు దెబ్బలు ఒకేసారి కొట్టడమే. మనిషికి నాలుగు లీటర్ల లెక్కన, చేతులు కడుక్కోవడానికి కూడా కలిపి, 20 లీటర్ల టిన్నులు పదింటిని అడ్డదారుల దగ్గర ముందే పెట్టించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఉంచండి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువని తేలి ఉంటే ఆ కుర్రాణ్ణి కాటా దగ్గర నీడలో కూర్చోబెట్టండి, మోతకు పంపొద్దు. ధనుర్వాతం టీకా అందరికీ అయిందో లేదో చూసుకోండి.

చెత్త ఎక్కడికి పోవాలన్నది తేదీ కంటే ముందు తేల్చుకోవాలి. చోటు ఖాయం కానిదే ఒక్క బస్తా కూడా నింపకండి. ట్రాక్టరు ఎక్కించే గట్టు మీద టార్పాలిన్ పరిచి అక్కడే వేరుచేయండి, దిబ్బ మీద కాదు. సీసాలు ఒకటి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, వల బుడ్లు (వలను తేల్చే గుండ్లు) ఒకటి, గాజు ఒకటి, వలలు రెండు రకాలు. వల ఏ రకమో కంటికి తెలియకపోతే ముక్క కోసి బకెట్ నీళ్లలో ముంచి, ముళ్లలోని గాలి పోయేలా పిసకండి. మునిగితే నైలాన్, తేలితే పాలిథిన్ జాతి. నైలాన్ 220 డిగ్రీల దగ్గర, పాలిథిన్ 130 దగ్గర కరుగుతాయి. రెండూ కలిసిన మూట కొనేవాడికి దండగ, అందుకే కలిపి ఇస్తే రెండింటికీ ధర పలకదు. పాత ఇనుము, ప్లాస్టిక్ కొనేవాళ్లు మీకు పలాస కంటే బరంపురంలో దగ్గర. అమ్మకం డబ్బు ట్రాక్టరు డీజిలుకు కూడా చాలదనుకునే బడ్జెట్ వేసుకోండి. ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్‌ను ఎవరూ కొనరు.

చెప్పులు, థర్మోకోల్, చిప్స్ కవర్లు, చిరిగిన సంచులు మిగిలిపోతాయి. వీటిని కాల్చకండి. ఉప్పు, పీవీసీ కలిసిన చెత్తను మామూలు మంటలో కాలిస్తే డయాక్సిన్లు పుడతాయి. పూడ్చినా లాభం లేదు, పల్లపు నేలలో మొదటి వరదకే బయటపడతాయి. సిమెంటు ఫ్యాక్టరీల బట్టీలు ఇంధనంగా తీసుకోవచ్చు, పంచాయతీ ద్వారా జిల్లా అధికారులను అడగాలి. అక్కడ అడ్డు వచ్చేది ఉప్పు. క్లోరిన్ ఎక్కువైతే బట్టీ లోపల గోడలకు పెచ్చు కడుతుంది, లోడు వెనక్కి పంపేస్తారు. పంచాయతీ వాళ్ల ‘చెత్త నుంచి సంపద’ కేంద్రంలో వెదురు మంచె మీద పరిచి, పైన వల కప్పి, రెండు మంచి వానలు తడవనిస్తే ఉప్పు చాలావరకు దిగుతుంది. మంచినీళ్లు ఖర్చుపెట్టి కడగక్కర్లేదు. ఆ ఉప్పునీరు బావివైపో కొబ్బరి తోటలోకో పోకుండా వాలు చూసుకోండి.

తూకం రాయడం మానొద్దు. వంద మీటర్లకొక వెదురు పాతి, ఆ ముక్కలో ఏ రకం ఎన్ని కిలోలో రాయండి. రెండోసారి వెళ్లినప్పుడు ఏ ముక్క తొందరగా నిండిందో దానికి మనుషులను పెంచొచ్చు.

తాబేలు వలలో చిక్కి కనబడితే రెక్కలు పట్టి లాగడం, వెల్లకిలా తిప్పడం చేయకండి. కళ్ల మీద తడిగుడ్డ వేసి, కొడవలి అంచు ఒంటికి తగలకుండా వలను మాత్రం కోసి, అటవీ సిబ్బందికి కబురు చేయండి. నీరసంగా ఉన్నదాన్ని నీళ్లలోకి నెట్టేస్తే మునిగిపోతుంది. ఇది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, గుడ్లను కదిలించినా కేసే.

అనుమతులకు అటవీ రేంజి కార్యాలయం, మెరైన్ పోలీసులు, పంచాయతీ మూడింటికీ తేదీ, మనుషుల సంఖ్య, పడవల వివరాలతో ఒకే ఉత్తరం నకళ్లు ఇవ్వండి. మొగ దాటి సోనాపూర్ వైపు వెళ్లేటట్టయితే అది ఒడిశా, అక్కడి అటవీ శాఖకు వేరే ఉత్తరం కావాలి. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ చుట్టూ సముద్రంలో 20 కిలోమీటర్ల మేర చేపల వేట నిషేధం కూడా ఉంటుంది, సముద్రం వైపు మోటారు తెప్ప వేసుకుని ఉత్తరానికి పోతే చెత్త కోసమే వచ్చామని నమ్మించడం కష్టం. అవతలి ఒడ్డున ఉన్న నోలియా (మత్స్యకారుల) పల్లెల్లో మాట తెలుగే, ముందు రోజు వెళ్లి మాట్లాడితే వాళ్ల భాగం వాళ్లే ఏరి ఏటి గట్టుకు చేరుస్తారు. బరంపురానికి లోడు పంపేటప్పుడు డ్రైవరు చేతిలో పంచాయతీ ఉత్తరం, తూకం చీటీ ఉంచండి.